భిలాయ్ నేల, కాగితం మీద హక్కు: వలస పాలన నుంచి ఉక్కు కొలిమి దాకా

భిలాయ్ పేరు వినగానే ఉక్కు కర్మాగారం, రైలు పట్టాలు, వరుసగా తీర్చిన టౌన్‌షిప్ వీధులు గుర్తుకు వస్తాయి. 1955 ఫిబ్రవరిలో భారత్, సోవియట్ యూనియన్ల మధ్య కుదిరిన ఒప్పందం ఈ కర్మాగారానికి పునాది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ ఇక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి వేల తెలుగు కుటుంబాలు పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి.

కొలిమి వెలిగే నాటికి ఈ నేలకు మరొక చరిత్ర ఉంది. వరి మళ్లు, చెరువులు, మేత బీళ్లు, సాల వనాలతో కూడిన ఆ వ్యవసాయ వ్యవస్థను బ్రిటిష్ పాలన వందేళ్లపాటు కొత్త కొలతలతో కొలిచింది. ఏ భూమి ఎవరిది, ఏ నీరు ఎవరిది, ఏ అడవి ఎవరిది అన్న ప్రశ్నలకు కాగితం మీద సమాధానాలు రాసింది. స్వతంత్ర భారతం ఉక్కు కోసం భూమి సేకరించినప్పుడు ఎవరికి పరిహారం అందాలో, ఎవరికి అందనవసరం లేదో చాలావరకు ఆ కాగితాలే తేల్చాయి. భిలాయ్ చరిత్రలో తక్కువగా చర్చకు వచ్చిన అంశం ఇది.

వంతుల సేద్యం

ఛత్తీస్‌గఢ్ మైదానంలో నేల ఒకే తీరుగా ఉండదు. బరువైన నల్లమట్టిని అక్కడివారు ‘కన్హార్’ అంటారు. పసుపు ఛాయ గల తేలిక నేల ‘మటాసీ’. ఈ రెండింటి కలయిక ‘డోర్సా’. మెరకన ఉండే ఎర్ర గులకరాతి నేల ‘భాటా’. వాన ఆలస్యమైతే ఒక నేల ఎండుతుంది, మరొకటి నిలుస్తుంది. వాన ఎక్కువైతే పరిస్థితి తారుమారవుతుంది. ఒకే రకం నేలపై ఆధారపడిన రైతుకు ఒక్క చెడ్డ సంవత్సరం చాలు, కుదేలవడానికి.

ఈ అనిశ్చితిని ఎదుర్కోవడానికి పల్లెలు కనుగొన్న ఏర్పాటు పేరు ‘లఖాబాటా’. ఊరి భూమిని నేల రకాన్ని బట్టి భాగాలుగా విడదీసి, ఒక్కొక్క నాగలికి ప్రతి రకం నేలలోనూ ఒక తునక వచ్చేలా పంచేవారు. కొన్ని సంవత్సరాలకు ఒకసారి, లేదా కొత్త కుటుంబాలు వచ్చినప్పుడు, పాతవి వెళ్లిపోయినప్పుడు ఆ వంతులను మళ్లీ సరిచేసేవారు. మరాఠా పాలనలో శిస్తు లెక్కకు కూడా నాగలే ప్రమాణం. ఊరు మొత్తం చెల్లించవలసిన సొమ్మును ‘గౌంటియా’ అనే గ్రామపెద్ద నాగళ్ల లెక్కన సర్దేవాడు. మంచి నేల, చెడ్డ నేల అందరి వంతులోనూ ఉండేవి కనుక నష్టం కూడా పంచుకున్నట్టే అయ్యేది.

సాగు పద్ధతి సైతం ఈ ఏర్పాటుకు అనుగుణంగానే ఉండేది. తొలకరికి వరి విత్తనాన్ని వెదజల్లి, మొలక ఎదిగి మడిలో నీరు నిలిచిన తరువాత అదే పైరులో తేలికగా నాగలి తోలే ‘బియాసీ’ విధానం ఈ ప్రాంతపు ప్రత్యేకత. కోతకు ముందే తడి మడిలో ఖేసరి పప్పు, అవిసె వంటి గింజలు చల్లి రెండో పంట తీసే పద్ధతిని ‘ఉతేరా’ అంటారు. వరి రకాల వైవిధ్యమూ అపారం. శాస్త్రవేత్త ఆర్.హెచ్. రిఛారియా 1970లలో ఈ ప్రాంతంలో చేపట్టిన సేకరణతో వేల రకాల స్థానిక వరి విత్తనాలు ఒకచోటికి చేరాయి. నేడు రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఉన్న వరి విత్తన నిధికి ఆ సేకరణే మూలం.

అయితే లఖాబాటా లోపం లేని వ్యవస్థ కాదు. కులం, పెత్తనం అందులోనూ పనిచేశాయి. 19వ శతాబ్దం చివరి దశకాలలో కొన్ని గ్రామాల్లో భూస్వాములు భూమి పునఃపంపిణీ పేరుతోనే సత్నామీ రైతుల మంచి పొలాలను వారి చేతుల్లోంచి తప్పించారు. వంతులు పంచే అధికారం ఎవరి చేతిలో ఉందన్న దానిపైనే న్యాయం ఆధారపడింది. ఆ అధికారాన్ని ఒకే చేతిలో స్థిరపరచినది బ్రిటిష్ బందోబస్తు.

యజమాని అనే కొత్త మనిషి

నాగపూర్ భోంస్లేల రాజ్యం 1850లలో ఈస్టిండియా కంపెనీ వశమైంది. 1861లో సెంట్రల్ ప్రావిన్సులు ఏర్పడ్డాయి. ఆ దశకంలోనే రాయ్‌పూర్, బిలాస్‌పూర్ జిల్లాల్లో మొదటి దీర్ఘకాలిక భూమిశిస్తు బందోబస్తు జరిగింది. నేటి భిలాయ్ ఉన్న దుర్గ్ ప్రాంతం అప్పట్లో రాయ్‌పూర్ జిల్లాలో భాగం. దుర్గ్ 1906లో ప్రత్యేక జిల్లా అయింది.

శిస్తు సకాలంలో చెల్లించే బాధ్యుడు ప్రభుత్వానికి అవసరమైనాడు. అంతవరకు ఊరి తరఫున శిస్తు వసూలు చేసే గౌంటియాకూ, గ్రామాన్ని గుత్తకు తీసుకున్నవారికీ ‘మాల్గుజారు’ హోదాతో యాజమాన్య హక్కు ఇచ్చారు. వసూలుదారు యజమాని అయ్యాడు. సాగుదారు అతని కౌలుదారయ్యాడు. ఊరి హక్కు అమ్మకానికీ తాకట్టుకూ వీలైన ఆస్తిగా మారింది. దానితో వడ్డీ వ్యాపారులు, బయటి ప్రాంతాల ధనికులు గ్రామాలను కొనుగోలు చేయగలిగారు.

ఒక్కొక్క పొలానికి ఒక్కొక్క పేరు రాసే రికార్డు వచ్చిన తరువాత, చేతులు మారే వంతులకు చోటు లేకుండా పోయింది. 1883 నాటి కౌలుదారీ చట్టం సాగుదారులకు కొంత భద్రత ఇచ్చినా, అదీ నిర్దిష్టమైన పొలానికి కట్టిన హక్కే. ఊరి చెరువులో స్నానం, పశువుల మేత, వంటచెరకు, మట్టి తవ్వకం వంటి ఉమ్మడి అవసరాలను ‘నిస్తార్’ అంటారు. వీటిని ‘వాజిబ్-ఉల్-అర్జ్’ అనే గ్రామ ఆచారాల పత్రంలో నమోదు చేశారు. ఆ నమోదు వాటిని పూర్తిగా మాయం కాకుండా కాపాడింది. కానీ యజమాని హక్కుకు ఉన్న విలువ వాటికి దక్కలేదు. పొలానికి ధర కట్టవచ్చు. చెరువు గట్టున మేకలు కాసుకునే అలవాటుకు ధర కట్టే పద్ధతి ఆ రికార్డులో లేదు.

రైలు, కరవు, వలస

1880లలో నాగపూర్ నుంచి రాజ్‌నంద్‌గావ్ వరకు రైలు మార్గం పడింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే దానిని తూర్పుకు పొడిగించి కలకత్తాతో కలిపింది. ఛత్తీస్‌గఢ్ ధాన్యానికి దూరపు మార్కెట్లు దొరికాయి. ధర పెరిగినప్పుడు లాభం ఎక్కువగా మాల్గుజార్లకూ వ్యాపారులకూ చేరింది. పంట పోయినప్పుడు మాత్రం గింజ కొనుక్కొనే శక్తి లేని కూలీ ఆకలికి గురయ్యాడు.

1896–97లోనూ, 1899–1900లోనూ వచ్చిన రెండు కరవులు సెంట్రల్ ప్రావిన్సులను కుంగదీశాయి. 1891, 1901 జనాభా లెక్కల మధ్య ఈ ప్రావిన్సుల జనాభా పెరగకపోగా తగ్గింది. అస్సాం తేయాకు తోటలకూ, ఖరగ్‌పూర్ రైల్వే కర్మాగారానికీ, తరువాత జంషెడ్‌పూర్‌కూ ఛత్తీస్‌గఢీ కూలీలు తరలివెళ్లారు. భిలాయ్‌కి దేశమంతటి నుంచి కార్మికులు రావడానికి అర్ధ శతాబ్దం ముందే, ఇక్కడి వారు బయటి ప్రాంతాల కొలిములకూ తోటలకూ శ్రమశక్తి అందించారు.

తెలుగు నేలతో ఈ ప్రాంతపు బంధం కూడా రైలు వేసిన బాటే. రాయ్‌పూర్, విజయనగరం మార్గం 1931 నాటికి పూర్తయింది. విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. సెంట్రల్ ప్రావిన్సుల మాంగనీసును, ఇతర సరుకులను సముద్రానికి చేర్చడం ఆ రెండింటి ఉద్దేశాల్లో ముఖ్యమైనది. ఖనిజం దిగడానికి వేసిన దారిలోనే రెండు దశాబ్దాల తరువాత ఉత్తరాంధ్ర కూలీలు భిలాయ్‌కి ఎక్కి వచ్చారు.

అడవికి గీసిన గీత

భిలాయ్‌కి ముడి ఇనుము దల్లీ-రాజహరా కొండల నుంచి వస్తుంది. ఆ ఖనిజాన్ని 1880లలో భూగర్భ శాస్త్రవేత్త పి.ఎన్. బోస్ నమోదు చేశారు. 1900ల ఆరంభంలో టాటాల సర్వే బృందం కూడా ఈ కొండలను పరిశీలించింది. చివరికి బొగ్గుకు, నీటికి చేరువలో ఉన్న సాక్చీ వైపు మొగ్గింది. ఆ సాక్చీయే నేటి జంషెడ్‌పూర్.

కొండల ఇనుము శాస్త్రవేత్తలకు కొత్తదే తప్ప స్థానికులకు కాదు. మధ్య భారతంలో అగరియాలు అనే సముదాయం మట్టి కొలిముల్లో, కట్టెబొగ్గుతో ఇనుము కరిగించి నాగలి కర్రులు, గొడ్డళ్లు చేసేది. 1878 నాటి భారత అటవీ చట్టం కింద అడవులు రిజర్వు అయ్యాక బొగ్గు కాల్చుకోవడానికి ఆంక్షలు వచ్చాయి. కొలిములపై పన్ను పడింది. విదేశాల నుంచి చవక ఇనుము రైలెక్కి వచ్చింది. ఈ మూడింటి ఒత్తిడిలో అగరియాల వృత్తి క్షీణించిన తీరును వెరియర్ ఎల్విన్ 1942లో ప్రచురించిన గ్రంథం వివరిస్తుంది.

సాగు అవసరాలకు మించి ఉన్నదని భావించిన బంజరును ప్రభుత్వం తనకు ఉంచుకుంది. అడవి అంచు పల్లెకు అది మిగులు భూమి కాదు. ఇప్ప పువ్వు, తునికి ఆకు, కట్టెలు, మేత అన్నీ అక్కడివే. ఆకలి కాలంలో పల్లెకు అదే గాదె. 1910లో బస్తర్‌లో గుండాధుర్ నాయకత్వాన చెలరేగిన ‘భూమ్‌కాల్’ తిరుగుబాటుకు అడవుల రిజర్వేషన్ ప్రధాన కారణాలలో ఒకటి. 1922లో ధమ్‌తరీ సమీపంలోని సిహావా-నగరీలో అటవీ సత్యాగ్రహం జరిగింది. అదే సంవత్సరం తెలుగు మన్యంలో అల్లూరి సీతారామరాజు పోరాటం మొదలైంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు మీద, అటవీ ఫలసాయం మీద పెట్టిన ఆంక్షలు అక్కడి అసంతృప్తికి మూలం. చట్టాలు వేరైనా గీసిన గీత ఒకటే.

వాన నీరా, కాలువ నీరా?

కరవుల తరువాత ప్రభుత్వం పెద్ద నీటిపారుదల పనులు చేపట్టింది. మహానదిపై రుద్రీ ఆనకట్ట, దానికి నీరందించే మురుమ్‌సిల్లీ జలాశయం, బాలోద్ వద్ద 1921లో పూర్తయిన తాందులా జలాశయం ఆ కాలపు నిర్మాణాలు. రైతుకు వీటి వల్ల మేలు జరిగిందనడంలో సందేహం లేదు. అయితే నీటితో పాటు ఒక కొత్త ఒప్పందం కూడా పల్లెకు వచ్చింది.

ధమ్‌తరీ సమీపంలోని కండేల్ గ్రామస్థులను కాలువ నీటికి పదేళ్ల ఒప్పందం చేసుకోవాలని నీటిపారుదల శాఖ కోరింది. ఆ సొమ్ముతో ఊరికి సొంతంగా చెరువే తవ్వుకోవచ్చునని గ్రామస్థులు లెక్క వేసి నిరాకరించారు. 1920 వానాకాలంలో పొలాల్లో నీరు నిలిచి ఉంది. అది దొంగిలించిన కాలువ నీరని శాఖ ఆరోపించి ఊరి మీద జరిమానా విధించింది. అది వాన నీరని గ్రామస్థులు వాదించారు. జరిమానా కింద జప్తు చేసిన పశువులను వేలానికి పెడితే పాట పాడేవారు కరవయ్యారు. పండిత్ సుందర్‌లాల్ శర్మ, నారాయణ్‌రావ్ మేఘావాలే, ఛోటేలాల్ శ్రీవాస్తవ ఈ సత్యాగ్రహాన్ని నడిపించారు. గాంధీజీ 1920 డిసెంబరులో రాయ్‌పూర్ రావడానికి కండేల్ ఉద్యమమే సందర్భమైంది. అప్పటికే ప్రభుత్వం జరిమానాను వెనక్కు తీసుకుంది.

మడిలోని నీటికి పుట్టుక పత్రం అడగవలసి రావడం కండేల్ వివాదపు సారాంశం. చెరువు కింద నీటి పంపకం ఊరి చేతిలో ఉండేది. తెలంగాణ పల్లెల్లో నీరటి ఎలా వంతులు తిప్పేవాడో ఇక్కడా అలాంటి ఏర్పాట్లే ఉండేవి. కాలువ కింద పంపకం శాఖ చేతిలోకి వెళ్లింది. శాఖ చేతిలోని నీటిని శాఖ మరొక వినియోగానికి మళ్లించగలదు.

మూడు దశాబ్దాల తరువాత అదే జరిగింది. ఉక్కు కర్మాగారానికి భిలాయ్‌ని ఎంపిక చేయడానికి దల్లీ-రాజహరా ఇనుము, నందినీ సున్నపురాయి, హౌరా-బొంబాయి రైలు మార్గంతో పాటు తాందులా నీరు కూడా కారణం. కరవు నివారణకు కట్టిన జలాశయం కొలిమిని చల్లార్చే పనిలో భాగస్వామి అయింది. తరువాత గోండ్లీ, ఖర్ఖరా జలాశయాలు, మహానదిపై గంగ్రేల్ జలాశయం ఈ వ్యవస్థకు తోడయ్యాయి. వానలు చాలని సంవత్సరాల్లో కర్మాగారానికి ఎంత, పట్టణానికి ఎంత, వరికి ఎంత అన్న ప్రశ్న నేటికీ తలెత్తుతుంది.

పాలస్తీనాలోనూ అదే కొలత

వంతుల సేద్యాన్ని కాగితంలో బిగించే ప్రయత్నం భారతదేశానికే పరిమితం కాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒట్టోమన్ తుర్కుల నుంచి పాలస్తీనా బ్రిటిష్ వారి చేతికి వచ్చింది. నానాజాతి సమితి మాండేటు పేరుతో 1948 మే వరకు అక్కడ వారి పాలన సాగింది. అక్కడి అనేక పల్లెల్లో ‘ముషా’ అనే ఉమ్మడి భూమి పద్ధతి ఉండేది. కుటుంబానికి ఊరి భూమిలో వాటా ఉంటుంది కానీ శాశ్వతమైన పొలం ఉండదు. కొన్ని సంవత్సరాలకు ఒకసారి నేల రకాన్ని బట్టి వంతులు మారుతాయి. లఖాబాటాకు ఇది చాలా దగ్గరి పోలిక.

బ్రిటిష్ అధికారులు ముషాను వ్యవసాయాభివృద్ధికి ఆటంకంగా భావించారు. 1928లో భూహక్కుల నిర్ధారణ ఆర్డినెన్సు తెచ్చి, సర్వే చేసి, వాటాలను విడివిడి పొలాలుగా నమోదు చేయసాగారు. 1926 నాటి అటవీ ఆర్డినెన్సు రిజర్వులను ఏర్పరచి మేతకు, కట్టెలకు హద్దులు విధించింది. ఈ ఆలోచనల వెనుక భారత అనుభవం ఉండడం యాదృచ్ఛికం కాదు. పాలస్తీనాలో భూమి, వలస, అభివృద్ధి పరిస్థితిపై 1930లో నివేదిక ఇచ్చిన సర్ జాన్ హోప్ సింప్సన్ ఇండియన్ సివిల్ సర్వీసులో పనిచేసిన అధికారి. అదే సంవత్సరం అక్కడ సహకార సంఘాల ఏర్పాటుపై నివేదిక రాసిన సి.ఎఫ్. స్ట్రిక్‌లాండ్ పంజాబులో సహకార శాఖను చూసినవారు.

రెండు చోట్లా పర్యవసానం ఒకేలా లేదు. పాలస్తీనాలో భూమి అమ్మకాలు, యూదు వలస, జాతీయ సంఘర్షణ కలిసి సమస్యను మరో దిశకు నడిపించాయి. మాండేటు ముగిసేనాటికి కొండ ప్రాంతాల్లో హక్కుల నమోదు చాలావరకు పూర్తి కాలేదు. వెస్ట్ బ్యాంకులో ఇజ్రాయెల్ సైనిక పాలన 1968లో ఆ ప్రక్రియను నిలిపివేసింది. దున్నుతున్నామని చెప్పడం ఒకటి, కాగితం చూపించడం మరొకటి అన్న వివాదం అక్కడ నేటికీ రగులుతూనే ఉంది. ఛత్తీస్‌గఢ్ చరిత్ర వేరు. అయినా వాడుకలో ఉన్న హక్కుకూ, నమోదైన హక్కుకూ మధ్య దూరాన్ని పెంచిన పరికరాలు మాత్రం ఒకే కార్ఖానాలో తయారైనవి.

ఛావనీ రైతుల కేసు

ఆ పరికరాల్లో అత్యంత పదునైనది 1894 నాటి భూసేకరణ చట్టం. ‘ప్రజా ప్రయోజనం’ కోసం ప్రభుత్వం ఏ భూమినైనా బలవంతంగా తీసుకోవచ్చు. నాలుగో సెక్షను కింద భూమి కావలసి రావచ్చునని మొదటి నోటిఫికేషన్ ఇస్తారు. ఆరో సెక్షను కింద తుది ప్రకటన చేస్తారు. పరిహారాన్ని తుది ప్రకటన నాటి ధరతో కాక, మొదటి నోటిఫికేషన్ నాటి మార్కెట్ ధరతో లెక్కిస్తారు. ఈ చివరి నియమంలోనే రైతు గోడు దాగి ఉంది.

1949 మేలో, సోవియట్ ఒప్పందానికి ఆరేళ్లు ముందే, ఇనుము-ఉక్కు కర్మాగారం కోసం ఛావనీతో సహా 11 గ్రామాల భూములు అవసరం కావచ్చునంటూ నాలుగో సెక్షను నోటిఫికేషన్ వెలువడింది. 1956లో ఛావనీలో కొంత భూమి సేకరించారు. 1960లో అదే పాత నోటిఫికేషన్ ఆధారంగా ఆ ఊరిలో మరో 486 ఎకరాలకు పైగా తీసుకునేందుకు ప్రకటన చేశారు. భిలాయ్ అప్పటికి ఉక్కు ఉత్పత్తి చేస్తున్న పట్టణం. కానీ చట్టం ప్రకారం ఆ భూమికి కట్టవలసినది 1949 నాటి పల్లె ధర.

భూయజమానులు హైకోర్టుకు వెళ్లి గెలిచారు. రాష్ట్రం అప్పీలు చేసింది. మధ్యప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ విష్ణుప్రసాద్ శర్మ కేసుగా న్యాయశాస్త్ర విద్యార్థులకు పరిచితమైన ఆ వివాదంలో సుప్రీంకోర్టు 1966లో తీర్పు చెప్పింది. ఒక నోటిఫికేషన్‌పై ఒకసారి తుది ప్రకటన వెలువడితే ఆ నోటిఫికేషన్ పని ముగిసినట్టేనని, దానినే పట్టుకుని విడతలవారీగా భూమి తీసుకోరాదని స్పష్టం చేసింది. ఏళ్ల తరబడి ధరను స్తంభింపజేసే ధోరణికి అది అడ్డుకట్ట.

ఆ అడ్డుకట్ట ఎక్కువ కాలం నిలవలేదు. దేశమంతటా సాగుతున్న సేకరణలు ప్రశ్నార్థకం అవుతాయన్న కారణంతో 1967లో కేంద్రం ఆర్డినెన్సును, వెనువెంటనే సవరణ చట్టాన్ని తెచ్చింది. ఒకే నోటిఫికేషన్‌పై పలు ప్రకటనలకు వీలు కల్పించి, గతంలో జరిగిన వాటిని చెల్లుబాటు చేసింది. రైతుకు ఊరటగా, ఇకపై నోటిఫికేషన్ తరువాత మూడేళ్లలోపు తుది ప్రకటన రావాలనే గడువు విధించింది. పాత సేకరణల్లో ఆలస్యానికి 6 శాతం వడ్డీ చెల్లించేందుకు అవకాశం ఇచ్చింది. సుప్రీంకోర్టు 1968లో ఈ చట్టాన్ని సమర్థించింది. భిలాయ్ పక్కనున్న ఒక ఊరి వ్యాజ్యం దేశపు భూసేకరణ చట్టాన్ని మార్పించింది. గెలిచిన ఊరికి మాత్రం ఆ మార్పు ఎదురుదెబ్బగానే వచ్చింది.

కాగితానికి అందనివారు

ఛావనీ వాదులు రికార్డులో పేరున్నవారు. వారి పోరాటం ధర గురించి, గడువు గురించి. పేరు లేనివారికి ఆ న్యాయస్థానం మెట్లు కూడా అందుబాటులో లేవు. పాలేరు, పాలుకు దున్నే రైతు, ఊరి పశువుల కాపరి, కమ్మరి, చెరువు చేపలపై బతికే కుటుంబం, వీరందరూ ఊరితో పాటు జీవనాధారాన్ని పోగొట్టుకున్నారు. భూమి కోల్పోయిన కుటుంబాలకు కర్మాగారంలో ఉద్యోగం ఇస్తామన్న హామీ ఉండేది. ఆ హామీకి అర్హత నిర్ణయించేది కూడా భూమి రికార్డే.

1990ల ఆరంభం నుంచి భిలాయ్‌లో దీర్ఘకాలం పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త జొనాథన్ పారీ, తొలినాళ్లలో చుట్టుపక్కల పల్లెవాసులు కర్మాగారపు పని అంటే బెదిరారని రాశారు. కొలిమికి నరబలి కావాలన్న వదంతులు కూడా వ్యాపించాయి. ఆ వెలితిని బయటి రాష్ట్రాల కార్మికులు భర్తీ చేశారు. ఉక్కు ఉద్యోగం సురక్షితమైనదని స్థానికులకు తెలిసివచ్చేసరికి శాశ్వత కొలువులు తగ్గుముఖం పట్టాయి. కాంట్రాక్టు పని మిగిలింది. దల్లీ-రాజహరా గనుల్లో 1977లో మొదలైన కాంట్రాక్టు కార్మికుల ఉద్యమం, దానికి నాయకత్వం వహించి 1991లో భిలాయ్‌లో హత్యకు గురైన శంకర్ గుహా నియోగి కృషి ఈ నేపథ్యంలో అర్థం చేసుకోదగినవి. నియోగి సంస్థ కార్మికుడి కూలీతో పాటు రైతు నీటి గురించి, అడవి గురించి కూడా మాట్లాడింది. గని కూలీల్లో అధికులు నిన్నటి రైతులే కావడం దానికి కారణం.

భిలాయ్ లేకుంటే దేశం పట్టాలు వేసుకోగలిగేదా అన్న ప్రశ్న న్యాయమైనదే. లక్షల కుటుంబాలకు అన్నం పెట్టి, చదువు చెప్పించి, వైద్యం అందించిన పట్టణమిది. ఆ ప్రయోజనాన్ని కాదనవలసిన అవసరం లేదు. దాని ఖర్చును లెక్కించిన పుస్తకం మాత్రం ప్రజా ప్రయోజనం కోసం కాక శిస్తు వసూలు కోసం రాసినది. విశాఖ ఉక్కు కోసం 64 గ్రామాల భూములు ఇచ్చిన ప్రజల అనుభవం కూడా ఇదే విషయాన్ని గుర్తు చేస్తుంది.

మారినది, మారవలసినది

1894 నాటి చట్టం 120 ఏళ్లు అమలులో ఉంది. దాని స్థానంలో 2013లో పార్లమెంటు ఆమోదించిన భూసేకరణ, పునరావాస చట్టం 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. సేకరణకు ముందు సామాజిక ప్రభావాన్ని అంచనా వేయాలని అది నిర్దేశించింది. సొంత భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమే ప్రధాన జీవనాధారంగా ఉన్న వ్యవసాయ కూలీలను, కౌలుదారులను, చేతివృత్తులవారిని బాధిత కుటుంబాలుగా గుర్తించింది. అడవుల విషయంలో 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభలకు సాముదాయిక హక్కులు కల్పించింది.

ఈ చట్టాలకు అసలు పరీక్ష ఇప్పుడు దక్షిణాన జరుగుతోంది. దల్లీ-రాజహరాలో మేలైన ఖనిజం తరిగిపోతుండగా, భిలాయ్ తన భవిష్యత్తు అవసరాలకు బస్తర్ ప్రాంతంలోని రావ్‌ఘాట్ గనులపై ఆధారపడుతోంది. రావ్‌ఘాట్ కొండలు రిజర్వు అటవీ ప్రాంతంలో ఉన్నాయి. దల్లీ-రాజహరా నుంచి అక్కడికి రైలు మార్గం చేపట్టారు. ఆ అడవిపై ఆధారపడిన గోండు పల్లెలకు పొలం పట్టా ఉండవచ్చు, లేకపోవచ్చు. ఇప్ప చెట్ల కింద పువ్వు ఏరుకునే హక్కు, మేత దారులు, దేవతల వనాలు తరతరాలుగా ఉన్నాయి. గని తవ్వకానికి ముందు ఈ హక్కులన్నీ గ్రామసభ సమక్షంలో నమోదైతే కొత్త చట్టం నెరవేరినట్టు. నమోదు కాకుండా తవ్వకం సాగితే, 1860లలో బందోబస్తు అధికారి వదిలేసిన ఖాళీ గడే మళ్లీ ఖాళీగా మిగిలిపోతుంది.

ఛావనీలో ఇప్పుడు పొలాలు లేవు. ఆ పేరు భిలాయ్‌లో ఒక పేటకు, ఒక పోలీసు ఠాణాకు మిగిలింది. అక్కడ ఎవరు ఏ మడి దున్నారో శిస్తు రికార్డుల్లో ఇప్పటికీ వెతకవచ్చు. ఎవరు ఆ మళ్లలో కూలికి కోత కోశారో, ఎవరు ఆ బీళ్లలో పశువులు కాశారో ఏ రికార్డూ చెప్పదు. రావ్‌ఘాట్ పల్లెల విషయంలో ఆ పేర్లు రాసుకునే వ్యవధి ఇంకా మిగిలే ఉంది.